శరత్తుకు సాక్షులు

కాలాలు ఎన్ని అని అడిగితే బడిపిల్లలు ఆరు ఋతువుల పేర్లు గడగడా అప్పజెబుతారు. పెద్దవాళ్లు మాత్రం మూడే అంటారు: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. నిత్యజీవితానికి ఆ మూడూ సరిపోతాయి. గొడుగు ఎప్పుడు బయటికి తీయాలో, దుప్పట్లు అటక మీంచి ఎప్పుడు దించాలో తెలియడానికి అంతకన్నా అక్కర్లేదు. దాంతో శరదృతువు అన్నది సంస్కృత కావ్యాల్లోంచి పంచాంగంలోకీ, పంచాంగంలోంచి వాచకాల్లోకీ దిగిన పేరే తప్ప మన నేల మీద కంటికి కనబడేది కాదన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. చలిదేశాల ఫొటోలు చూసేవాళ్లకు ఈ అభిప్రాయం మరీ గట్టిది. అక్కడ అక్టోబరు వచ్చేసరికి మేపుల్ ఆకులు ఎర్రబడి రాలిపోతాయి. మన వేపచెట్టు అప్పుడు నిండు పచ్చగా ఉంటుంది, ఆకు రాల్చేది చలి వెనకబట్టి ఎండ ముదరబోయే ముందు. అయితే ఆకుల్లో కనబడలేదు కాబట్టి ఆ ఋతువే లేదనడం తొందరపాటు. మన శరత్తును పూలలో, పురుగుల్లో, కుక్కల్లో, చంద్రుడిలో వెతకాలి. మనవాళ్లు దాన్ని అక్కడే వెతికి పట్టుకున్నారు. పట్టుకున్నదాన్ని పండుగల్లోనూ సామెతల్లోనూ, ఆఖరికి తిట్లలోనూ దాచిపెట్టారు. ఆశ్వయుజ, కార్తీక మాసాల మన పండుగలు ముందుగా ఒక పరిశీలన పుస్తకం అన్నది ఈ వ్యాసం వాదన.

వాతావరణ శాఖ లెక్క ఈ విషయంలో మన ఇళ్లలో చెప్పుకునే మూడు కాలాల లెక్కకు భిన్నంగా ఉంటుంది. ఆ శాఖ ఏడాదిని నాలుగుగా విడదీస్తుంది. అందులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రుతుపవనాల తర్వాతి కాలమని వేరే గది ఉంది. 2020లో సవరించిన తేదీల ప్రకారం నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు 17 ప్రాంతంలో రాజస్థాన్ వాయవ్య మూల నుంచి వెనుదిరగడం మొదలుపెట్టి, అక్టోబరు 15 నాటికి దేశమంతటా తొలగిపోవాలి. ఆ వెంటనే గాలి దిశ మార్చుకుని ఈశాన్యం నుంచి వీస్తుంది. కోస్తా, రాయలసీమ, తమిళనాడు, కేరళ, దక్షిణ కర్ణాటకలకు అది రెండో వానల కాలం. నెల్లూరు జిల్లాకైతే ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. గాలి ఇటు నుంచి అటు తిరిగే ఆ కొద్ది వారాల్లోనే నేల తడిగా, ఎండ చురుగ్గా, తెల్లవారుజాము చల్లగా ఉంటాయి. వానాకాలంలోనూ చలికాలంలోనూ ఈ మూడూ ఒకచోట కలవవు.

ఈ మార్పును మన రైతులు నెలలతో కొలవలేదు, కార్తెలతో కొలిచారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13 లేదా 14 రోజులు ఒక కార్తె. అలాంటివి ఏడాదికి 27. సెప్టెంబరు మధ్యలో ఉత్తర, నెలాఖరుకు హస్త, అక్టోబరు 10 ప్రాంతంలో చిత్త, దాని వెంట స్వాతి, నవంబరు మొదటి వారంలో విశాఖ వస్తాయి. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత మెట్ట ప్రాంతాల రైతు నోట పుట్టింది. ఉత్తర కార్తె వచ్చినా వాన జాడ లేకపోతే ఆ ఏటికి పంట ఆశ వదులుకుని, గంప నెత్తికెత్తుకుని వలస పోవలసిందేనని దాని అర్థం. వాన వస్తుందో రాదో అని ఎదురుచూడటానికి ఒక ఆఖరి గడువు ఉందనీ, ఆ గడువు సెప్టెంబరు రెండో సగమనీ ఎన్నో తరాలు చూస్తే తప్ప ఈ మాట పుట్టదు. వానాకాలానికి ఇంత కచ్చితంగా చివర గీత గీసినవాళ్లకు ఆ గీతకు అవతల మరో కాలం ఉందని తెలియదని ఎలా అనగలం?

అలాంటిదే ‘చిత్తకార్తె కుక్క’. ఇప్పుడది వట్టి తిట్టు. ఆడవాళ్ల వెంటపడేవాణ్ణి చీదరించుకుంటూ అనే మాట. తిట్టుగా మారకముందు అది జంతుశాస్త్ర పరిశీలన. మన వీధికుక్కలు వానల చివర, పగలు కురచనయ్యే రోజుల్లో ఎక్కువగా జత కడతాయి. ఇళ్లలో పెంచే విదేశీ జాతి కుక్కలు ఏడాదిలో ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. వీధిలో బతికే మన ఊరకుక్కలది మాత్రం చాలావరకు ఒక కాలానికి కట్టుబడిన పద్ధతి. పశ్చిమ బెంగాల్‌లో వీధికుక్కలపై శాస్త్రవేత్తలు చేసిన పరిశీలనల్లోనూ పిల్లలు ఎక్కువగా చలికాలంలోనే పుడుతున్నట్టు తేలింది. లెక్క వేసి చూడండి. కుక్కకు గర్భం సుమారు 63 రోజులు. చిత్తకార్తెలో కట్టిన ఆడకుక్క డిసెంబరు రెండో సగంలో ఈనుతుంది. ధనుర్మాసంలో ముగ్గులు పెట్టే వేళకు వీధి మలుపులో, ఆగి ఉన్న బండి కింద కళ్లు తెరవని కుక్కపిల్లలు కనబడేది అందుకే. ఆ రోజుల్లో పిల్లతల్లి దగ్గరికి ఎవరు పోయినా మీదికి వస్తుంది. కుక్కకాట్ల గురించి ఏటా కంగారుపడే పట్టణాలకు ఈ పాత మాటలో పనికొచ్చే సమాచారం ఉంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు సంతానం కలగకుండా ఆపరేషన్లు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఆ పని చిత్తకార్తె దాటాక మొదలుపెడితే చాలా ఆడకుక్కలు అప్పటికే కడుపుతో ఉంటాయి. వేసవిలోనూ తొలి వానల్లోనూ జోరుగా సాగితే ఫలితం ఉంటుంది. వీధిలో కుక్కకు అన్నం పెట్టే దయగల ఇల్లాలికీ ఈ లెక్క తెలిస్తే మంచిది.

పూల సంగతి ఇంకా విశేషం. తెలంగాణలో బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఆ తొమ్మిది రోజుల తాంబాలంలో మొదటి చోటు గునుగుది, తంగేడుది. గునుగు చేలలో, బీళ్లలో దానంతటది మొలిచే కలుపు మొక్క. తోటల్లో పెంచుకునే కోడిజుట్టు పువ్వుకు అది అడవి రూపం. తంగేడు ఎవరూ నాటని మెట్ట పొద. ఈ రెండూ వానలు వెనకబట్టే వేళ విరగబూస్తాయి. దేవుడి పూజకు మల్లె, జాజి, తామర లాంటి ‘పెద్దింటి’ పూలు వాడటం అలవాటైన దేశంలో ఒక పెద్ద పండుగ కలుపు మొక్కను నెత్తిన పెట్టుకోవడం చిన్న విషయం కాదు. చేనికి పోయి రోజంతా వంగి పనిచేసే ఆడవాళ్ల కంటికి ఆ రోజుల్లో ఎక్కడ చూసినా కనబడే పువ్వు అది. వాళ్లు చూసింది వాళ్లు పేర్చారు. బతుకమ్మను చెరువులో విడవాలంటే చెరువు నిండి ఉండాలి. ఏడాదంతా వెతికినా తెలంగాణ చెరువులకు అంత నిండుదనం ఉండే వారాలు ఎక్కువ దొరకవు. పువ్వు, నీరు రెండూ సమృద్ధిగా దొరికే రోజులకే ఈ పండుగ వచ్చి కూర్చుంది.

బంతి, చామంతి ఈ రోజుల్లోనే ఎందుకు పూస్తాయన్నదానికి శాస్త్రం సమాధానం 1920లో దొరికింది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక రకం పొగాకు మొక్క వేసవిలో ఎంత ఏపుగా పెరిగినా పూత పూయకపోవడం గమనించారు. పగటి పొడుగును కృత్రిమంగా తగ్గించి చూస్తే అది వెంటనే పూసింది. మొక్కకు కాలం తెలిసేది ఎండ వేడిని బట్టే కాదు, పగలూ రాత్రీ ఎంతసేపన్నదాన్ని బట్టి కూడానని అలా రుజువైంది. చామంతి ఈ తరహా మొక్కల్లో పేరుపడ్డది. రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. హైదరాబాదులో జూన్‌లో 13 గంటలు దాటే పగలు డిసెంబరు నాటికి 11 గంటలకు కాస్త అటూ ఇటుగా దిగుతుంది. మనకు రెండు గంటల తేడా పెద్దగా పట్టదు, చామంతికి పడుతుంది. బెంగళూరు చుట్టుపక్కల పొలాల్లో రాత్రిపూట చామంతి మళ్ల మీద బల్బులు వేలాడదీసి వెలిగిస్తారు. పూత వెనక్కి జరిగి, ధర పలికే రోజుకు పువ్వు చేతికి రావాలని రైతు చేసే ఏర్పాటు అది. ఇదే కారణంగా మేడ మీద కుండీలో పెట్టిన చామంతికి వీధి దీపం వెలుతురు రాత్రంతా తగులుతుంటే మొగ్గ ఆలస్యమవుతుంది. ఎరువు తక్కువైందని బాధపడేవాళ్లు కుండీని చీకటి మూలకు జరిపి చూడాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. బంతి మన పువ్వే కాదు, మెక్సికోది. పోర్చుగీసుల కాలంలో సముద్రం దాటి వచ్చింది. చామంతి చైనా నుంచి వచ్చింది. బతుకమ్మ మీద గౌరమ్మకు పక్కన కూర్చునే గుమ్మడిపువ్వు కూడా అమెరికా ఖండాల మొక్కదే. పరాయి పూలతో నిండిన పండుగ ఈ నేల ఋతువుకు సాక్ష్యం ఎలా అవుతుంది? నిజానికి ఇది వాదనకు బలమే చేకూరుస్తుంది. పండుగ ఏ పూలతో చేయాలో పుట్టుక చూసి నిర్ణయించి ఉంటే బంతికి గుమ్మం తోరణంలో చోటు దక్కేది కాదు. పూచే వేళ చూసి నిర్ణయించారు. సరిగ్గా ఆశ్వయుజంలో పుష్కలంగా విచ్చుకున్న కొత్త పువ్వును మనవాళ్లు కులగోత్రాలు అడక్కుండా తోరణానికి ఎక్కించారు. మెక్సికో ప్రజలూ నవంబరు మొదటి రెండు రోజుల్లో చనిపోయిన తమవాళ్లను తలుచుకునే పండుగకు ఇదే బంతిని గుట్టలుగా పోస్తారు. రెండు ఖండాలవాళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒకే పువ్వును ఒకే కాలపు పండుగకు ఎంచుకున్నారంటే, ఎంపిక ఎక్కువగా ఋతువు చేసినట్టే.

ఆకాశం సంగతికి వస్తే, నన్నయ ఆరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల మీద పద్యం చెప్పి అక్కడే ఆగిపోయాడని సాహిత్య సంప్రదాయం. పదకొండో శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో, గోదావరి ఒడ్డున చెప్పిన పద్యం అది. కాళిదాసు ఋతుసంహారంలోనూ శరత్తుకు ఒక సర్గ ఉంది కాబట్టి నన్నయది అరువు వర్ణనే అనేవాళ్లు ఉండొచ్చు. వర్ణనలో సంప్రదాయం పాలు కొంత ఉంటుంది. కానీ వానలు దుమ్మును కడిగేశాక, మబ్బు తొలగాక నక్షత్రాలు ఎక్కువ కనబడటం గోదావరి ఒడ్డునా జరిగేదే, ఉజ్జయినిలోనూ జరిగేదే. ఇంకో సాక్ష్యం అట్లతద్ది. ఆశ్వయుజ పున్నమి వెళ్లిన మూడో రోజున ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి, అన్నం తిని, ఉయ్యాలలూగి, రాత్రి చంద్రుణ్ణి చూసి అట్ల నోము ముగిస్తారు. చంద్రుడు కనబడితే తప్ప పూర్తికాని నోమును మబ్బులు కమ్మే శ్రావణంలో ఎవరు పెట్టుకుంటారు? మబ్బుల భాద్రపదంలో వినాయక చవితి చంద్రుణ్ణి చూడకూడదనీ, తేటపడిన ఆశ్వయుజంలో చూసి తీరాలనీ మన ఆచారాల్లో ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు, అయినా గుర్తుపెట్టుకోదగింది.

ఈ తేట ఆకాశం మాటకు కోస్తా ప్రజలు ఒప్పుకోకపోవచ్చు. వాళ్ల అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని నేలమట్టం చేసినంత పని చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి తోటలను కూల్చింది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదును ముంచిన వాన కూడా కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెచ్చిందే. ఇవన్నీ శరత్తులోనివే. బంగాళాఖాతంలో తుపానులకు రెండు రుతువులున్నాయి, ఒకటి నైరుతి రాకకు ముందు, రెండోది అది వెళ్లాక. నైరుతి బలంగా ఉన్న నెలల్లో పైగాలికీ కిందిగాలికీ వేగంలోనూ దిశలోనూ తేడా ఎక్కువ. తుపాను నిలువుగా పెరిగేలోపే అది చెదిరిపోతుంది. రుతుపవనాలు తప్పుకోగానే ఆ తేడా తగ్గుతుంది, సముద్రం మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది. అంటే చంద్రుణ్ణి తేటగా చూపే మార్పే తుపానుకు దారి ఇస్తోంది. కాబట్టి కోస్తాకు శరత్తు లేదనకూడదు, కోస్తా శరత్తుకు రెండు ముఖాలున్నాయనాలి. కావ్యాలు ఒక ముఖాన్నే చూపాయి. స్వాతి, విశాఖ కార్తెల్లో కోతకు వచ్చిన వరిని చూసుకుంటూ రేడియోలో వాయుగుండం కబురు వినే కోనసీమ రైతుకు రెండూ తెలుసు.

తిథులు ఏటా జరుగుతుంటే పండుగ ఋతువును ఎలా పట్టుకుంటుందన్నది మరో ప్రశ్న. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది, 2020లో అక్టోబరు 25న. మూడు వారాలకు పైగా తేడా. అయితే అధికమాసం ఉన్నందువల్ల ఆ తేడా సుమారు నెల రోజులకు మించదు. దసరా ఎప్పుడూ వేసవిలోకి జారిపోదు. కార్తెలకైతే ఆ ఊగిసలాట కూడా లేదు, అవి సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి. వాటికున్న లోపం వేరు. నక్షత్రాల లెక్క ఋతువుల లెక్క నుంచి సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున పక్కకు జరుగుతుంది. అయిదు వందల ఏళ్ల నాటి సామెత ఇప్పటికి వారం రోజులు తప్పిందన్నమాట. దీనికి తోడు వానల తీరు మారుతోంది. కాబట్టి సామెతను శాసనంలా నమ్మకూడదు. చూసి సరిదిద్దుకోవాలి. దాన్ని కట్టినవాళ్లు చేసిందీ అదే.

పరిశీలన అనగానే ప్రతి ఆచారం వెనకా సైన్సు ఉందని ఎగబడేవాళ్లున్నారు. వాళ్లతో ఏకీభవించలేను. బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయని, దీపావళి దీపాలు పంటల పురుగులను అంతం చేస్తాయని తరచు వింటుంటాం. కుళ్లిన పువ్వు నీటిలో ప్రాణవాయువును తగ్గిస్తుంది. ఒక్క రాత్రి వెలిగించిన ప్రమిదలతో పొలంలోని పురుగు తరగదు. నాగులచవితికి పుట్టలో పోసిన పాలు పాముకు ఆహారం కావు. ఇలాంటి గొప్పలు చెప్పి చివరకు ఆచారాన్నే నవ్వులపాలు చేస్తున్నాం. వాటి అడుగున ఉన్న అసలు సంగతి చాలు. దీపావళి రోజుల్లో దీపం చుట్టూ ముసిరే చిన్న ఆకుపచ్చ పురుగుల్ని చూసినవాళ్లు వరి రైతులు. వాళ్ల భాషలో దాని పేరు పచ్చదీపపు పురుగు. వరి రసం పీల్చి టుంగ్రో వైరస్ తెగులును మోసుకొచ్చే పురుగు అది. దాన్ని చంపడానికి దీపం పెట్టలేదు, దీపం పెట్టినప్పుడు అది రావడం చూశారు. నాగులచవితి నాటికి వరి కంకి వేసి గింజ పాలుపోసుకుంటుంది, గింజ కోసం ఎలుక, ఎలుక కోసం పాము చేలోకి వస్తాయి. పామును తలుచుకోవలసిన వేళ అది. కార్తీకంలో వనభోజనానికి ఉసిరిచెట్టు కిందికే వెళ్లడం కూడా అంతే, అప్పుడు చెట్టున కాయ ఉంటుంది.

ఋతువును చూసి పెట్టుకున్న పండుగ ఇప్పుడు ఋతువును చూడటం మానేసిన చోట హాని జరుగుతోంది. దీపావళి రాత్రి ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉంటుంది. నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి మూత వేసినట్టవుతుంది. తెల్లారి గడ్డి మీద మంచు కురిసేది కూడా ఈ చల్లదనం వల్లే. అలాంటి రాత్రి కాల్చిన బాణసంచా పొగ పైకి పోదు, వీధిలోనే నిలుస్తుంది. ప్రమిదకు ఎంతో అనువైన నిశ్చలమైన రాత్రి, పొగకు అంతే అననువైనది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళి బాణసంచాకు రాత్రి 8 నుంచి 10 గంటల దాకా అని హద్దు పెట్టింది. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్‌జ్ దాకా వింటే కుక్క చెవి అంతకు రెట్టింపు పైన వినగలదు. సన్నని కీచు శబ్దాలు మనకు అందకపోయినా దానికి అందుతాయి. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఆ రెండు గంటలకు ముందే దాన్ని తిప్పుకొచ్చి, తలుపులు కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో వేసి, మంచం కింద దూరితే లాగకుండా వదిలేయాలి. కడుపుతో ఉన్న వీధికుక్కలకు ఆ మాత్రం ఆసరా కూడా ఉండదు. చిత్తకార్తె చివర్లోనో, అది ముగిశాకో వచ్చే దీపావళి వాటికి గడ్డురాత్రి.

తెలంగాణ రాష్ట్ర పువ్వు తంగేడు, రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పక్షి పాలపిట్ట. మూడూ ఈ ఒక్క ఋతువు పండుగల్లో కనబడేవే. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమన్నది వానలు తగ్గి, చేల గట్ల మీద మిడతలు పెరిగి, ఆ పిట్ట తీగల మీద కూర్చుని వాటి కోసం కాచుకునే రోజుల మాట. ఊరు దాటి పొలాల్లోకి నడిచినవాడికి అది కనబడేది. ఇప్పుడు కొందరు దాన్ని వలేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, ఇంటింటికీ గుడి దగ్గరికీ తెచ్చి చూపించి డబ్బు అడుగుతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలా పట్టిన పిట్టల్లో చాలా వాటికి తిరిగి ఎగిరే శక్తి ఉండదు. ఈ దసరాకు పంజరం ఎదురైతే దయచేసి రూపాయి కూడా ఇవ్వకండి, అటవీ శాఖకు కబురు చేయండి. పిట్టను చూడాలనిపిస్తే సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లే దారిలో కరెంటు తీగల వంక చూస్తూ నడవండి.